లాగే బలం పెరిగింది, ఆపే బలం ఏది?

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ట్రాక్టరు ట్రాలీల బ్రేకులపై ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు మాట్లాడడానికి లేచాడంటే క్యాష్ బుక్కు, వెన్న శాతం, బోనసు పంపిణీ, మహాజన సభ గడువు - వీటిలో ఏదో ఒకటి ఎత్తుకుంటాడని మీరు అనుకుంటారు. ఈ రోజు మేము వాటి జోలికి పోవడం లేదు. సంఘం గుమ్మం ముందు నిలిచి ఉండే ట్రాక్టరు ట్రాలీ గురించి, దానికి లేని బ్రేకు గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. ఇది మెకానిక్కు సంగతి గదా, ఇన్‌స్పెక్టరుకేమి పని అని ఎవరైనా అడగవచ్చు. ట్రాలీ సంఘం ఆస్తి. దానిని నడిపేది మన ఊరి పిల్లవాడు. అది పోయే దారిలో బడికి నడిచేది మన సభ్యుల బిడ్డలు. కావున ఇది కూడా తనిఖీలోని విషయమే.

ఎడ్లబండి నాటి ఆలోచన

మన పెద్దలు ఎడ్లబండి మీద గడ్డి, ధాన్యం తోలినప్పుడు బండికి బ్రేకు అవసరం అంతగా కనబడలేదు. పల్లం వస్తే ఎడ్లే కాళ్ళు తన్నిపట్టి, మెడ మీది కాడితో బండిని వెనక్కు ఆపేవి. మరీ వాలు ఉంటే బండివాడు దిగి చక్రానికి అడ్డంగా కర్రో మోకో వేసేవాడు. బండి బరువు తక్కువ, నడక వేగం తక్కువ. కాబట్టి సరిపోయింది.

తరువాత ట్రాక్టరు వచ్చింది. ముందు చిన్నది, తరువాత పెద్దది. మట్టి బాట పోయి తారు రోడ్డు వచ్చింది. ట్రాలీ పొడవు పెరిగింది, పక్క పలకల ఎత్తు పెరిగింది. పది బస్తాలు తోలినచోట అరవై బస్తాల దాణా తోలుతున్నాము. ఇంజను బలం, రోడ్డు నునుపు, బరువు, వేగం - అన్నీ పెరిగాయి. మా తనిఖీలలో చూసిన చాలా ట్రాలీలలో పెరగనిది ఒక్కటే, ఆపే బలం. ట్రాలీకి సొంతంగా బ్రేకు లేదు. ఎడ్లు చేసిన పనిని ట్రాక్టరు వెనుక చక్రాలే చేయాలని వదిలేశాము. ఆ చక్రాలు ఎంతవరకు చేయగలవో లెక్క వేసి చూద్దాము.

కాగితం మీద ఒక లెక్క

ట్రాక్టరు బరువు డ్రైవరుతో కలిపి 2 టన్నులు అనుకోండి. మన ట్రాక్టర్లలో సాధారణంగా బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. ఆ చక్రాల మీద పడే బరువు సుమారు 1.2 టన్నులు. నాలుగు చక్రాల ట్రాలీ ఖాళీ బరువు 1.5 టన్నులు. అందులో 50 కిలోల దాణా బస్తాలు 60 వేస్తే 3 టన్నులు. ట్రాలీ మొత్తం 4.5 టన్నులు. ట్రాక్టరుతో కలిపి 6.5 టన్నులు. అంటే 6.5 టన్నుల కదిలే బరువును 1.2 టన్నులతో నేలను పట్టుకున్న రెండు చక్రాలు ఆపాలి.

వేగం గంటకు 25 కిలోమీటర్లు అనుకుందాము. అంటే సెకనుకు 7 మీటర్లు. పొడి తారు రోడ్డు మీద చక్రం తన మీది బరువులో పదింట ఆరు వంతుల బలంతో నేలను పట్టుకుంటుందని లెక్క కడితే, ట్రాలీ లేని ట్రాక్టరు బ్రేకు పడిన తరువాత సుమారు 7 మీటర్లలో ఆగుతుంది. అదే ట్రాక్టరు వెనుక బ్రేకు లేని నిండు ట్రాలీ ఉంటే సుమారు 23 మీటర్లు పడుతుంది. డ్రైవరు చూసి కాలు పెడలు మీదికి తెచ్చేలోగా ఒక సెకను, అంటే ఇంకొక 7 మీటర్లు. మొత్తం 30 మీటర్లు.

ఇది సమతలం మీద. చెరువు కట్ట దిగేటప్పుడు, కాలువ వంతెన దిగేటప్పుడు ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు పల్లం ఉన్నదనుకోండి. అప్పుడు బ్రేకు పడిన తరువాత ఆగే దూరం 40 మీటర్లు దాటుతుంది. వాన పడి నేల పట్టు సగానికి తగ్గితే ఆ వాలు మీద బండి ఇక ఆగదనే చెప్పాలి. వేగం రెండింతలయితే ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు.

ఇప్పుడు ట్రాలీ చక్రాలకు కూడా బ్రేకు ఉన్నదనుకుందాము. ఆ బ్రేకు ట్రాలీ బరువులో పదింట మూడు వంతుల బలమే ఇచ్చినా, సమతలం మీద 23 మీటర్లు కాస్తా 8 మీటర్లకు వస్తుంది. వాలు మీద కూడా 10 మీటర్ల లోపే. అదే ట్రాక్టరు, అదే డ్రైవరు, అదే బరువు. తేడా అంతా ట్రాలీ బ్రేకుదే.

దూరం ఒక్కటే కాదు ప్రమాదం. ట్రాక్టరు ఆగబోతుంటే వెనుక బరువు ముందుకు తోస్తుంది. ట్రాక్టరు తిన్నగా ఉన్నంతసేపు తోపు తిన్నగా ఉంటుంది. కొంచెం మలుపు తిరిగి ఉంటే ఆ తోపు ట్రాక్టరు వెనుక భాగాన్ని పక్కకు నెడుతుంది. ట్రాక్టరూ ట్రాలీ మడతకత్తిలాగా ముడుచుకుంటాయి. చక్రాల మధ్య డ్రైవరు కాలు నలుగుతుంది, లేదా ట్రాక్టరు బోల్తా పడుతుంది.

ఒక సంఘంలో జరిగినది

ఒక సంఘం పేరు చెప్పకుండా ఒక సంగతి చెబుతాము. దాణా బస్తాలతో వస్తున్న ట్రాలీ చెరువు కట్ట దిగే మలుపులో ఉండగా ఒక గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ట్రాక్టరు ఆగబోయింది, ట్రాలీ ఆగలేదు. ట్రాక్టరు అడ్డంగా తిరిగి కట్ట పక్క రాళ్ళకు కొట్టుకున్నది. గేదెకు ఏమీ కాలేదు. డ్రైవరుకు తొడ ఎముక విరిగింది. అతడు ఒక సభ్యురాలి కొడుకు, రోజుకూలీ మీద నడిపేవాడు. ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. ఆ ఇంట పాడి గేదెలు రెండు ఉంటే వైద్యానికి ఒకటి అమ్ముకున్నారు.

తరువాత మహాజన సభలో తప్పు ఎవరిదన్న వాదన వచ్చింది. కొందరు డ్రైవరుదన్నారు. కొందరు గేదె యజమానిదన్నారు. మేము తీర్మానాల పుస్తకం తెప్పించి ట్రాలీ కొన్ననాటి తీర్మానం చదివాము. ట్రాలీ పొడవు, టైర్ల సైజు, పలకల మందం, వేయవలసిన రంగు, పక్కన రాయవలసిన సంఘం పేరు - అన్నీ ఉన్నాయి. బ్రేకు అన్న మాట ఒక్క చోట కూడా లేదు. ఆ తీర్మానం గట్టిగా చదివిన తరువాత సభలో ఎవరూ డ్రైవరును నిందించలేదు. అదే సభలో ట్రాలీకి బ్రేకులు వేయించాలని తీర్మానించారు. ఆ అబ్బాయి వైద్యపు ఖర్చులో కొంత సంక్షేమ నిధి నుండి ఇచ్చారు. కాని అమ్మిన గేదె తిరిగి రాలేదు.

ఇతరులు ఏమి చేస్తున్నారు?

ఐరోపాలోను, అమెరికాలోను సెలవులకు పోయేవారు కారు వెనుక చక్రాల ఇల్లు తగిలించుకుని పోతారు. లోపల మంచాలు, చిన్న వంటిల్లు ఉంటాయి. అది విహారానికి లాగే బండి, మనది దాణా లాగే బండి. కాని వెనుక నుండి తోసే బరువు సూత్రం రెంటికీ ఒకటే. ఐరోపా దేశాలలో మొత్తం బరువు 750 కిలోలు దాటే మామూలు ట్రెయిలరుకు బ్రేకు ఉండి తీరాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు దాటితే బ్రేకు అడుగుతాయి. అక్కడి విహార బండ్లకు ఎక్కువగా కరెంటుతో పనిచేసే డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. వాటి బలం డ్రైవరు చేతికి అందే చోట అమర్చుకోవచ్చు. బండి కొక్కెం ఊడిపోతే దానంతట అదే బ్రేకు పట్టుకునే ఏర్పాటు, దానికొక చిన్న బ్యాటరీ ఉంటాయి. కొండదారులలో తిరిగే యజమానులు డ్రమ్ములు తీసి డిస్కు బ్రేకులు వేయించుకోవడం కూడా ఉన్నది.

విహారానికి పోయే టన్నున్నర బండికి ఇంత జాగ్రత్త ఉంటే, రోజూ ఊరి నడుమ నుండి పోయే నాలుగున్నర టన్నుల ట్రాలీకి ఏమీ లేకపోవడం న్యాయమా అని మిమ్మల్నే అడుగుతున్నాము. మన చట్టం కూడా ట్రాలీని వట్టి పెట్టెగా చూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనమనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ట్రెయిలరు చేరి ఉన్నది.

మన ట్రాలీకి ఏ బ్రేకు?

ముఖ్యంగా మూడు రకాలు చెప్పుకోవచ్చు.

మొదటిది తోపుడు బ్రేకు. ట్రాలీ ముందు కొక్కెం దగ్గర జరిగే కడ్డీ ఒకటి ఉంటుంది. ట్రాక్టరు నెమ్మదిస్తే ట్రాలీ ముందుకు తోస్తుంది, ఆ తోపుకే కడ్డీ లోపలికి జరిగి ట్రాలీ బ్రేకులను పట్టిస్తుంది. ట్రాక్టరులో ఏ మార్పూ అక్కరలేదు. తేలిక ట్రాలీలకు మంచిది. అయితే వెనక్కు నడిపేటప్పుడు కూడా పట్టుకుంటుంది గనుక దానిని ఆపి ఉంచే మీట ఉండాలి. పొడవైన పల్లంలో అది పట్టుకునే ఉండి వేడెక్కుతుంది. ఐరోపాలో కూడా మామూలు ట్రెయిలర్లకు దీనిని 3,500 కిలోల వరకే ఒప్పుకుంటారని గుర్తుంచుకోండి.

రెండవది ఆయిలు బ్రేకు. డ్రైవరు ట్రాక్టరు బ్రేకు తొక్కినప్పుడు ఆ ఒత్తిడి హోసు పైపు ద్వారా ట్రాలీ చక్రాలకు కూడా అందుతుంది. బరువైన ట్రాలీలకు ఇది తగినది. ఇక్కడ ఒక హెచ్చరిక. ట్రాక్టరు బ్రేకు పైపును ఊరి వెల్డింగు షాపులో కోయించి, మధ్యలో జాయింటు పెట్టి ట్రాలీకి గొట్టం లాగవద్దు. ఆ గొట్టం పగిలిననాడు ట్రాలీ బ్రేకుతోపాటు ట్రాక్టరు బ్రేకు కూడా పోతుంది. ట్రాలీ బ్రేకు కోసమే చేసిన వాల్వును ట్రాక్టరు కంపెనీ డీలరు చేత బిగించుకోవలెను.

మూడవది గాలి బ్రేకు. లారీలకు ఉన్నట్టే గాలి పంపు, గాలి ట్యాంకు ఉంటాయి. పెద్ద ట్రాక్టరు, పెద్ద ట్రాలీ ఉన్న సంఘాలు ఆలోచించవచ్చు. ప్రతిరోజూ ట్యాంకులో చేరిన నీటిని వదలడం మరువరాదు.

ఏ రకమైనా ఒక మాట. పాత ఇరుసుకు ఊరికే బ్రేకు తగిలించలేము. బ్రేకు పళ్ళెం బిగించడానికి ఇరుసు మీద తగిన చోటు ఉండాలి, హబ్బుకు డ్రమ్ము ఉండాలి. కొన్ని ట్రాలీలకు పాత లారీ ఇరుసులు వేసి ఉన్నాయి. వాటికి డ్రమ్ము ఉంటుంది, లోపలి షూలు మాత్రం ఎప్పుడో తీసేసి ఉంటారు. అటువంటి చోట ఖర్చు తగ్గవచ్చు. ముందుగా చక్రాలు విప్పించి చూసుకోండి. వెల్డింగుతో అతికిన ఇరుసు అయితే మార్చడమే క్షేమం.

ట్రాలీ బ్రేకు ట్రాక్టరు బ్రేకు కంటే రవ్వంత ముందుగా పట్టుకునేటట్టు అమర్చాలి. అప్పుడు ట్రాలీ వెనుక నుండి తోయదు, వెనక్కు లాగిపట్టి ఉంటుంది. మరీ గట్టిగా పట్టినా ప్రమాదమే. చక్రాలు బిగుసుకుని ఖాళీ ట్రాలీ పక్కకు జారుతుంది. కుడి ఎడమలు సమానంగా పట్టాలి. కొత్త లైనర్లు వేసిన తరువాత తక్కువ వేగంలో ఇరవై ముప్పై సార్లు మెల్లగా ఆపి డ్రమ్ముకు అలవాటు చేయించాలి. అంతవరకు నిండు బరువు వేయరాదు.

కొనుగోలు పద్ధతి

ఇక మా శాఖ మాట. పాలకవర్గ తీర్మానం లేకుండా పని మొదలుపెట్టవద్దు. మూడు కొటేషన్లు తీసుకోండి. బ్రేకు రకం, డ్రమ్ము కొలత, ఎన్ని చక్రాలకు బ్రేకు, ఎంత మొత్తం బరువుకు పనికివస్తుంది, విడి భాగాలు ఎక్కడ దొరుకుతాయి - ఇవి కొటేషనులో రాయించుకోండి. అందరికంటే తక్కువ ధర చెప్పినవాడు రెండు చక్రాలకే వేస్తానని చెప్పి ఉండవచ్చు. ధరలు పోల్చేముందు పనులు పోల్చండి.

బిల్లు చెల్లించేముందు పరీక్ష పెట్టండి. మనుషులు, పశువులు లేని సమతలపు దారి చూసుకుని, సున్నంతో ఒక గీత గీయండి. మామూలుగా మీరు వేసే బరువు వేసి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దగ్గర బ్రేకు వేయమనండి. ఆగినచోటికి టేపుతో కొలవండి. పైన చెప్పిన లెక్క ప్రకారం బ్రేకు లేని ట్రాలీ 14 మీటర్ల దాకా పోతుంది, మంచి బ్రేకు ఉన్నది 5, 6 మీటర్లలో ఆగాలి. మూడుసార్లు కొలిచి సగటును తీర్మానాల పుస్తకంలో రాయండి. ఏడాది తరువాత అదే చోట, అదే బరువుతో మళ్ళీ కొలిస్తే బ్రేకు అరిగిందో లేదో ఆ అంకెే చెబుతుంది. పాలకు వెన్న శాతం చూడకుండా డబ్బు ఇవ్వని మనం, బ్రేకుకు పరీక్ష లేకుండా ఎందుకు ఇవ్వాలి?

నెలవారీ జాగ్రత్తలు

పాల మిషను శుభ్రానికి పుస్తకం పెట్టినట్టే ట్రాలీకి కూడా ఒక చిన్న పుస్తకం పెట్టండి. నెలకొకసారి ఈ క్రింది వాటిని చూసి సంతకం చేయించండి.

ట్రాలీని గట్టి నేల మీద నిలిపి, మిగిలిన చక్రాలకు దిమ్మలు పెట్టి, ఒక్కొక్క చక్రాన్ని జాకీతో ఎత్తి తిప్పి చూడవలెను. స్వేచ్ఛగా తిరగాలి, బ్రేకు పట్టగానే ఆగాలి. ఆయిలు బ్రేకు అయితే ఆయిలు మట్టం, హోసు పైపు పగుళ్ళు చూడాలి. పెడలు మెత్తగా లోపలికి పోతుంటే పైపులో గాలి చేరిందని గుర్తు. దానిని తీయించాలి. కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. బ్రేకు ఆయిలు, ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలు వేరు వేరు. ఒకదానిలో ఒకటి కలిపితే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి. బేరింగు గ్రీజు లైనర్ల మీదికి కారితే బ్రేకు జారుతుంది. వాగు దాటి వచ్చిన తరువాత నెమ్మదిగా నడుపుతూ రెండు మూడు సార్లు మెల్లగా బ్రేకు తొక్కితే తడి ఆరుతుంది.

కొక్కెం పిన్నుకు ఊడకుండా క్లిప్పు ఉండాలి. మేకు వంచి పెట్టడం చాలదు. దానికి తోడు గట్టి గొలుసులు రెండు, క్రింద అడ్డదిడ్డంగా దాటించి కట్టాలి. పిన్ను ఊడినా ట్రాలీ ముందు భాగం నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసులు పట్టుకుంటాయి. నిలిపినప్పుడు చేతి బ్రేకు, చక్రాల క్రింద చెక్క దిమ్మలు. వెనుక ఎర్ర లైటు, మెరిసే స్టిక్కర్లు.

డ్రైవరుకు చెప్పవలసినవి మూడే మూడు. రోడ్డెక్కేముందు ట్రాక్టరు కుడి ఎడమ బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం వేసుకోవాలి. దుక్కిలో విడివిడిగా వాడే పెడళ్ళను రోడ్డు మీద అట్లాగే వదిలి ఒక్కటే తొక్కితే ట్రాక్టరు గిర్రున తిరుగుతుంది. రెండు, పల్లంలో డీజిలు ఆదా అని న్యూట్రల్ చేయరాదు. దిగకముందే తక్కువ గేరులోకి రావాలి. మూడు, బస్తాల మీద మనుషులను ఎక్కించరాదు. ట్రాలీ సరుకుకే గాని మనుషులకు కాదు. కార్యదర్శి చెప్పినా, అధ్యక్షులవారు చెప్పినా ఎక్కించనని అనే హక్కు డ్రైవరుకు ఉండాలి. దానిని కూడా తీర్మానంలో రాయండి.

ఒక సందేహం

పదేళ్ళుగా బ్రేకు లేకుండానే నడిచింది, ఏమీ కాలేదు, ఇప్పుడీ ఖర్చు ఎందుకు, ఈ డబ్బు బోనసుగా పంచితే సభ్యులు సంతోషిస్తారు గదా అని కొందరు పెద్దలు మాతో అంటుంటారు. సభ్యుల డబ్బు మీద వారికున్న శ్రద్ధను మేము గౌరవిస్తాము. కాని పదేళ్ళు ఏమీ కాకపోవడం ట్రాలీ గొప్పతనం కాదు. అడ్డం వచ్చినవాడు ప్రతిసారీ 30 మీటర్ల అవతల ఉన్నాడు, అంతే. 15 మీటర్లలో అడ్డం వచ్చే రోజు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. బోనసు ఏటేటా పంచుకోవచ్చు. విరిగిన కాలును పంచుకోలేము. అది ఒక్క ఇంటికే మిగులుతుంది.

ఒకేసారి అంత ఖర్చు భరించలేని సంఘాలు ఈ రోజు నుండే కొన్ని పనులు చేయవచ్చు. బరువు సగానికి తగ్గించండి, రెండు ట్రిప్పులు వేయండి. వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటనివ్వకండి. కట్ట దిగేచోట ముందుగా ఒక మనిషిని నిలబెట్టండి. గొలుసులు, క్లిప్పు, దిమ్మలు కొనండి. వీటికి పెద్ద సొమ్ము అక్కరలేదు. వచ్చే ఏడాది బడ్జెటులో బ్రేకుకు పద్దు కేటాయించండి. ట్రాలీ కిరాయి ఆదాయంలో కొంత భాగం విడిగా ఉంచితే భారం తెలియదు.

ఇకమీదట మేము తనిఖీకి వచ్చినప్పుడు క్యాష్ బుక్కుతోపాటు ట్రాలీ పుస్తకాన్ని కూడా బల్ల మీద ఉంచవలసిందిగా కోరుతున్నాము. అందులో పరీక్ష రోజున కొలిచిన మీటర్ల అంకె కనబడితే మాకు సంతోషం. లేకపోతే సున్నపు గీత గీయించి, మేమే దగ్గరుండి కొలిపిస్తాము.